నేపాల్, భూటాన్‌లకు పాస్‌పోర్టు అక్కర్లేదంటారు సరే, మరి ఏ కార్డు కావాలి?

అటక మీద నుంచి పెట్టెలు దించే ముందు ఒక సాయంత్రం భోజనాల బల్ల ఖాళీ చేసి, ఇంట్లో అందరి కార్డులూ దాని మీద పరవండి. ఆధార్, ఓటరు కార్డు, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు ఉంటే అది, పిల్లల జనన ధ్రువపత్రాలు, రైస్ కార్డు. ఫోనులో ఉన్నవి ఈ లెక్కలోకి రావు, చేతికి తగిలేవే కావాలి. ఈ పని ప్రయాణానికి మూడు నెలల ముందు పెట్టుకోండి. అన్ని నెలలు ఎందుకో కింద మీకే తెలుస్తుంది.

విశాఖపట్నం నుంచి కాశీ, గయ వెళ్లినవారు అటునుంచటే పశుపతినాథుణ్ణి, ముక్తినాథుణ్ణి కూడా చూసి రావాలనుకోవడం కొత్తేమీ కాదు. ఆ మాట ఎత్తగానే ఎవరో ఒకరు "నేపాల్‌కు పాస్‌పోర్టు అవసరం లేదు, వీసా అసలే లేదు" అంటారు. నిజమే. 1950 జులై 31న మనకూ నేపాల్‌కూ కుదిరిన శాంతి, మైత్రీ ఒప్పందం ఒక దేశం వారు రెండో దేశంలో తిరగడానికి, నివసించడానికి వీలిచ్చింది. చిక్కల్లా ఆ మాటను మనం వినే తీరులో ఉంది. "పాస్‌పోర్టు అవసరం లేదు" అని వాళ్లు చెబితే "ఆధార్ చాలు" అని మన చెవికి వినిపిస్తుంది.

మొదటి పని: ఆధార్‌ను తిప్పి చదవడం

నంబరు చెప్పడానికి తప్ప ఆధార్‌ను మనం ఎప్పుడూ చదవం. ఈసారి బల్ల మీద నుంచి తీసి, అవసరమైతే కళ్లద్దాలు పెట్టుకుని చదవండి. ఇది గుర్తింపు కోసమే తప్ప పౌరసత్వానికి రుజువు కాదనే అర్థం వచ్చే వాక్యం చిన్న అక్షరాల్లో దాని మీదే అచ్చయి ఉంటుంది. మన దేశంలో చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకు కూడా ఆధార్ ఇస్తారు మరి. సరిహద్దులో తేలాల్సింది మీ పేరొక్కటే కాదు, మీరు భారత పౌరులా కాదా అన్నది కూడా. ఓటు హక్కు పౌరులకే ఉంటుంది కాబట్టి ఓటరు కార్డుకు అక్కడ విలువ.

నేపాల్‌కు విమానంలో వెళ్లేవారు 15 నుంచి 65 ఏళ్ల మధ్య వారైతే మామూలుగా చెల్లేవి రెండే: గడువు తీరని పాస్‌పోర్టు, లేదా ఎన్నికల సంఘం ఇచ్చిన ఫొటో ఓటరు కార్డు. పాన్ పనికిరాదు, డ్రైవింగ్ లైసెన్సు పనికిరాదు. మెడలో వేలాడే ఉద్యోగ గుర్తింపు కార్డు, అది ఓడరేవుదైనా ఉక్కు కర్మాగారానిదైనా, విమానం దగ్గర వాటికి సాటి రాదు.

ఈ సంగతి నాకు మా బావగారి పుణ్యాన తెలిసింది. ఎంవీపీ కాలనీ నుంచి ఇరుగుపొరుగుతో కలిపి పదకొండు మందిమి బయల్దేరాం. టిక్కెట్లన్నీ నేనే తీశాను. బయల్దేరే ముందు రోజు ఫోను చేసి, "బావగారూ, ఓటరు కార్డు కూడా పెట్టుకోండి" అన్నాను. ఎక్కడో చదివిన గుర్తే తప్ప అది తప్పనిసరి అని అప్పటికి నాకూ తెలియదు. "ఎందుకోయ్, ఖాట్మండులో మనకేమైనా ఓటుందా?" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. విశాఖ విమానాశ్రయం గుమ్మం దగ్గర ఆయన ఆధార్ చూపించి దర్జాగా లోపలికి నడిచారు. కోల్‌కతాలో ఖాట్మండు విమానం కౌంటరు దగ్గర ఆ అమ్మాయి ఆయన ఆధార్ తీసుకుని, తిప్పి, చిన్న అక్షరాల మీద గోరు పెట్టి మా వైపు జరిపింది. ఒక్క మాట గట్టిగా అనలేదు. ఆయన పాన్ తీశారు, లైసెన్సు తీశారు. ఓటరు కార్డు మాత్రం ఇంట్లో బీరువాలో, పట్టుచీరల కింద భద్రంగా ఉంది. మేం పది మందిమి పశుపతినాథ్ వెళ్లాం, ఆయన రాత్రి రైలుకు విశాఖ తిరిగొచ్చారు. టిక్కెట్టు డబ్బు ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. తప్పు కౌంటరుది కాదు, నాది.

రైల్లో టీటీఈకి, విమానాశ్రయం గుమ్మంలో జవానుకు, హోటల్లో గుమస్తాకు ఆధార్ సరిపోతుంది. అందుకే ఇబ్బంది ఇంటి దగ్గర బయటపడదు, వెయ్యి కిలోమీటర్లు దాటాక బయటపడుతుంది.

రెండో పని: ఒక్కొక్కరి వయసు లెక్క

ఇప్పుడు కార్డులను మనిషికొక కుప్పగా పెట్టి, ప్రయాణం రోజుకు ఎవరికి ఎన్నేళ్లో రాసుకోండి.

15 ఏళ్లు నిండని పిల్లలకూ, 65 దాటిన పెద్దవారికీ సడలింపు ఉంది. వయసునూ గుర్తింపునూ చూపే ఫొటో కార్డు ఏదైనా, అంటే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఫొటో ఉన్న రేషన్ కార్డు లాంటిది, నేపాల్ ప్రయాణానికి ఒప్పుకుంటారు. ఈ జాబితాలోకి ఆధార్‌ను కేంద్ర హోంశాఖ 2019 జనవరిలో చేర్చింది. తాతగారికి 65 నిండాయని ఇంట్లో అందరికీ తెలిసినా లెక్కకు వచ్చేది కార్డులోని తేదీ. మన పెద్దవాళ్లలో చాలామందికి బడిలో చేర్చిన మాస్టారు తోచిన తేదీ వేశారు. పుట్టిన సంవత్సరం ఒక కార్డులో ఒకలా, ఇంకో కార్డులో మరోలా ఉందేమో చూడండి. వెళ్లేనాటికి 64 ఏళ్ల 11 నెలలైతే సడలింపు లేదనే అనుకుని ఓటరు కార్డు పెట్టుకోండి.

15 నుంచి 18 మధ్య పిల్లలకు నిర్ణీత నమూనాలో ప్రధానోపాధ్యాయులు ఇచ్చే గుర్తింపు ధ్రువపత్రం చాలని నిబంధన. అందులో ఉన్న మాట పాఠశాల. మన పిల్లలేమో పదహారో ఏటికే ఇంటర్‌లో చేరి కాలేజీ విద్యార్థులైపోతారు. కాలేజీ ప్రిన్సిపాల్ సంతకాన్ని కౌంటరు వారు ఎలా తీసుకుంటారన్నది ఆ రోజు అదృష్టం. ఈ వయసు పిల్లలకు నేనైతే పాస్‌పోర్టే తీయిస్తాను. ఎలాగూ రేపు చదువుకు కావాలి.

కుటుంబమంతా కలిసి వెళ్తుంటే మరో వెసులుబాటు ఉంది. పెద్దవారిలో ఒకరికి పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉంటే మిగతావారు ఫొటో గుర్తింపు, ఆ కుటుంబంతో బంధుత్వం చూపే ఆధారం పెట్టుకుంటే చాలని హోంశాఖ చెబుతోంది. కాగితం మీద బాగుంది. అయితే రైస్ కార్డులో కోడలి పేరు ఇంకా పుట్టింటి వైపే ఉంటే, కొడుకు పేరు విడిగా ఉంటే, తెల్లవారుజామున ఒక కౌంటరు ముందు నిలబడి మీ వంశవృక్షం వివరించాల్సి వస్తుంది. దీన్ని చివరి ఆసరాగా ఉంచుకోండి, దీని భరోసాతో టిక్కెట్లు తీయకండి.

అందరికంటే ఇబ్బంది పడేది 18 నిండి ఇంకా ఓటు నమోదు చేయించుకోని పిల్లలు. ఇంజినీరింగ్ మొదటి ఏడాది అమ్మాయికి ఆధార్ ఉంటుంది, కాలేజీ కార్డు ఉంటుంది, ఈ రెండూ ఆమెను ఒంటరిగా ఖాట్మండు చేర్చవు. ఓటరు నమోదుకు ఇప్పుడు ఏడాదిలో నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల 1వ తేదీలు. 17 నిండగానే ముందస్తుగా ఫారం 6 వేయవచ్చు.

మూడో పని: ఓటరు కార్డును దగ్గరగా చూడడం

కార్డు దొరికింది కదా అని ఊపిరి పీల్చుకోకండి. మొదట ఫొటో. లామినేషన్ చేసిన పాత నలుపు తెలుపు కార్డుల్లో ముఖం ఎండకు వెలిసిన నీడలా ఉంటుంది. ఇరవై ఏళ్ల నాటి మీసాల కుర్రాణ్ణీ ఇప్పటి బట్టతల పెద్దమనిషినీ పోల్చుకోమంటే ఎవరికైనా కష్టమే. తర్వాత నంబరు. ఇప్పటి పద్ధతిలో మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. మీది గీతలతో విడదీసిన పాత పొడవు నంబరైతే కొత్త కార్డు తెప్పించుకోవడం మేలు.

ఆపైన పేరు, లింగం. మన ఉత్తరాంధ్రలో సింహాచలం అనే పేరు ఆడవారికీ ఉంటుంది, మగవారికీ ఉంటుంది. ఒకే వీధిలో సింహాచలం మావయ్య, సింహాచలం అత్తయ్య ఉండడం మనకు మామూలు. బయటివారికి మామూలు కాదు. అలాంటి పేరుంటే స్త్రీ, పురుషుడు అన్న గడి సరిగా ఉందో లేదో తప్పకుండా చూడండి.

దిద్దుబాటుకైనా, చిరునామా మార్పుకైనా, పోయిన కార్డు బదులు కొత్తదానికైనా ఇప్పుడు ఒకే దరఖాస్తు, ఫారం 8. ఎన్నికల సంఘం పోర్టల్లో ఫోను నంబరుతో లాగిన్ అయి మీరే వేసుకోవచ్చు. వెయ్యలేకపోతే మీ పోలింగ్ కేంద్రానికి చెందిన బూత్ స్థాయి అధికారిని (బీఎల్‌ఓ) పట్టుకోండి. ఆ బీఎల్‌ఓ ఎవరో తెలియకపోతే 1950 నంబరుకు ఫోను చేయండి. ఎన్నికల సంఘం ఏర్పడిన ఏడాదే ఆ నంబరైంది, నేపాల్ ఒప్పందం జరిగిందీ అదే ఏడాది, కాబట్టి మరిచిపోవడానికి వీల్లేదు. దరఖాస్తు వేశాక విచారణ జరగాలి, ఆమోదం రావాలి, కార్డు అచ్చై తపాలాలో ఇంటికి చేరాలి. నేను మూడు నెలలన్నది ఇందుకే. 2021 నుంచి ఫోనులోకి దించుకునే ఎలక్ట్రానిక్ ఓటరు కార్డు కూడా ఉంది. దాన్ని దించుకోండి, ముద్రించి సంచిలో ఒక ప్రతి పెట్టుకోండి, కానీ కౌంటరు మీద పెట్టడానికి అసలు ప్లాస్టిక్ కార్డు చేతిలో ఉండనివ్వండి.

విశాఖలో నౌకాదళం వారి ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఇంకొక మాట. సర్వీసు ఓటరుగా, అంటే సాయుధ దళాల్లో ఉన్నవారి ప్రత్యేక జాబితాలో నమోదైనవారికి ఫొటో ఓటరు కార్డు ఇవ్వరు. అలాంటివారికి మిగిలిన దారి పాస్‌పోర్టు. నౌకాదళంలోనే కాదు, ఏ ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నా సెలవు చీటీతో పాటు విదేశీ ప్రయాణ అనుమతి సంగతి కూడా ఆఫీసులో అడగండి. పాస్‌పోర్టు అడగకపోయినా నేపాల్ విదేశమే.

ఓటరు కార్డు సరిచేయించడం కన్నా పాస్‌పోర్టు తీసుకోవడమే నయమనిపిస్తే, ఉత్తరాంధ్ర వారికి ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం విశాఖలోనే ఉంది. పెద్దవారికి 36 పేజీల పుస్తకానికి మామూలు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. పదేళ్లు పనికొస్తుంది. పోలీసు విచారణకు ఇంట్లో మనిషి ఉండాలి, అంతే.

నాలుగో పని: టిక్కెట్టు మీద పేరు

విమానం టిక్కెట్టు మీద పేరు, కార్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నట్టే ఉండాలి. చెప్పడానికి తేలిక. మన ఇంటిపేర్లు ముందుంటాయి, టిక్కెట్ల సైట్లు ఇంటిపేరును చివర అడుగుతాయి. వెంకట అప్పలరాజు గారు ఒక కార్డులో ఇంటిపేరు మొత్తం రాసుకుంటారు, రెండో దాంట్లో మొదటి అక్షరం వేసి వదిలేస్తారు. సత్యవతి గారి పేరు చివర ఒకచోట 'హెచ్' ఉంటుంది, ఒకచోట ఉండదు. పెళ్లయిన ఆడవారికి ఆధార్‌లో అత్తింటి పేరు, ఓటరు కార్డులో పుట్టింటి పేరు.

దీనికి నేను పాటించే పద్ధతి ఒకటే. ఎవరు ఏ కార్డు చూపించబోతున్నారో ముందే తేల్చుకుని, ఆ కార్డు ముఖాన్ని ఫొటో తీసి, దాన్ని ముందు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం చూస్తూ టిక్కెట్టు తీస్తాను. నోటి మాటగా ఎవరి పేరూ రాసుకోను. వాట్సాప్‌లో వచ్చిన పేర్ల జాబితానూ నమ్మను, ఎందుకంటే అందులో అందరూ చంటి, బుజ్జి, పెద్దబాబులే.

దారిని బట్టి తేడాలు

విశాఖ నుంచి విమానంలో అయితే ఢిల్లీలోనో కోల్‌కతాలోనో మారాలి. అక్కడ కౌంటరు తనిఖీ, తర్వాత ఇమిగ్రేషన్. రెండు చోట్లా ఒకే కార్డు చూపించండి.

రైలు దారిలో రెండు పద్ధతులు. హౌరా వెళ్లి మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రక్సౌల్, అవతల బీర్‌గంజ్. న్యూ జల్‌పాయ్‌గుడి వెళ్తే సిలిగుడి మీదుగా పానీటంకీ, వంతెన దాటితే కాకర్‌భిట్టా. కాశీ వైపు నుంచి వచ్చేవారు గోరఖ్‌పుర్ మీదుగా సునౌలీ దగ్గర దాటుతారు. ఈ నేల సరిహద్దుల్లో మన వైపు కాపలా సశస్త్ర సీమా బల్‌ది. రోజూ వేలమంది కూలికి, బజారుకు, చుట్టాలింటికి అటూ ఇటూ నడుస్తుంటారు, మీ రిక్షా కూడా ఆ గుంపులో కలిసి పోతుంది. ప్రభుత్వం ఇచ్చిన ఫొటో కార్డు ఏదైనా ఇక్కడ నడవవచ్చు, ఒక్కోసారి అసలు అడగకపోవచ్చు. అయినా ఓటరు కార్డు దగ్గర ఉండాలనే నా మాట. దారిలో ఎవరికైనా ఒంట్లో బాగోలేక విమానంలో తిరిగి రావలసి వస్తే, నేల మీద చెల్లిన ఆధార్ ఖాట్మండు విమానాశ్రయంలో చెల్లదు.

సొంత కారులో వెళ్లేవారు సరిహద్దులో నేపాల్ కస్టమ్స్‌కు రుసుము కట్టి అనుమతి చీటీ తీసుకోవాలి. దాన్ని భన్సార్ అంటారు. బండి అసలు ఆర్‌సీ, డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి. ముక్తినాథ్ అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో ఉంది కాబట్టి దానికి వేరే ప్రవేశ పత్రం ఉంటుంది. పాస్‌పోర్టు సైజు ఫొటోలు మనిషికి అరడజను పెట్టుకుంటే కొండ మీద ఫొటో స్టూడియో వెతికే పని తప్పుతుంది.

ముక్తినాథ్ అనగానే కొందరు మానససరోవరం కూడా చుట్టేద్దామంటారు. అది టిబెట్, అంటే చైనా. నేపాల్ మీదుగా వెళ్లినా పాస్‌పోర్టు, చైనా వీసా రెండూ కావాలి. ఓటరు కార్డు అక్కడ ప్లాస్టిక్ ముక్క.

భూటాన్ వేరే లెక్క

భూటాన్‌కూ పాస్‌పోర్టు లేకుండా ఓటరు కార్డుతో వెళ్లవచ్చు. తేడా ఏమిటంటే అక్కడ కార్డు చూపించి నడిచిపోవడం ఉండదు, ప్రవేశ అనుమతి పత్రం తీసుకోవాలి. రైల్లో హసీమారాలో దిగి, జైగావ్ చేరి, గేటు దాటితే ఫుంత్‌షోలింగ్. అనుమతి అక్కడి ఇమిగ్రేషన్ కార్యాలయంలో ఇస్తారు, ముందుగా ఆన్‌లైన్‌లోనూ దరఖాస్తు చేయవచ్చు. పాస్‌పోర్టు చూపిస్తే దానికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. 18 లోపు పిల్లలకు అసలు జనన ధ్రువపత్రం ఉండాలి, తల్లిదండ్రులో సంరక్షకులో వెంట ఉండాలి. పాపకు పేరు పెట్టక ముందు తీసుకున్న ధ్రువపత్రమైతే అందులో పేరు గడి ఖాళీగా ఉంటుంది. బల్ల మీద పరిచిన రోజే అది చూసుకుని నగరపాలక సంస్థలో పేరు చేర్పించుకోండి.

2022 సెప్టెంబరు నుంచి భారతీయులు కూడా రాత్రికి మనిషికి 1,200 రూపాయల సుస్థిర అభివృద్ధి రుసుము కట్టాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు సగం, ఆరేళ్ల లోపు వారికి లేదు. నలుగురు పెద్దవాళ్లు అయిదు రాత్రులుంటే 24,000. హోటలు ఖర్చు ఇందులో కలవదు. చవకగా పోయి రావచ్చనుకున్నవారు ఈ లెక్క వేశాక డార్జిలింగ్‌లో ఆగిపోతారు, వారిని నేను తప్పు పట్టను.

అమెరికా మనవలుంటే

సెలవులకు వచ్చిన మనవణ్ణి కూడా పశుపతినాథ్ తీసుకెళ్దామని తాతయ్యలకు సరదా పుడుతుంది. వాడు అక్కడ పుట్టి అక్కడి పౌరుడైతే పైన చెప్పిన సడలింపులేవీ వాడికి వర్తించవు. వాడి సొంత పాస్‌పోర్టు కావాలి, నేపాల్ వీసా కావాలి. మళ్లీ మన దేశంలోకి రావడానికి ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే) కార్డో, ఒకసారి కంటే ఎక్కువసార్లు రానిచ్చే వీసానో ఉండాలి. ఒకసారికే పనికొచ్చే వీసాతో విశాఖ వచ్చినవాణ్ణి ఖాట్మండు తీసుకెళ్తే, తిరిగి రావడానికి దారి మూసుకుపోతుంది. భూటాన్‌లో అయితే వీసాతో పాటు రుసుము కూడా విదేశీయుల లెక్కన రాత్రికి 100 డాలర్లు.

సంచిలో ఏది ఎక్కడ

అసలు కార్డులు మనిషికొకటి, ఎవరిది వారి దగ్గర. అందరివీ ఒకే చేతిసంచిలో పెట్టి ఇంటి పెద్ద మెడలో తగిలించే అలవాటు మనకుంది, ఆ సంచి పోతే అందరి ప్రయాణమూ పోయినట్టే. జిరాక్సులు మూడేసి జతలు వేరే పెట్టెలో. నగదులో ఎక్కువ భాగం వంద రూపాయల నోట్లు తీసుకెళ్లండి. నేపాల్ 2018 చివర్లో అంతకు పైబడిన మన నోట్లను నిషేధించినప్పటి నుంచి అక్కడి దుకాణదారులకు పెద్ద నోటంటే అనుమానం. మన వందకు వారి నూట అరవై. గడియారం పావుగంట ముందుకు తిప్పుకోవడం కూడా మరవకండి. తిరుగు విమానం వారి సమయం ప్రకారం ఎగురుతుంది.

అన్నీ చేసినా కార్డు నేపాల్‌లో పోతే, ముందు దగ్గర్లోని పోలీసు స్టేషనులో ఫిర్యాదు రాయించి దాని నకలు తీసుకోండి. తర్వాత ఖాట్మండు లైన్‌చౌర్‌లోని భారత రాయబార కార్యాలయానికి వెళ్లండి. భూటాన్‌లో అయితే థింఫూలో రాయబార కార్యాలయం, ఫుంత్‌షోలింగ్‌లో కాన్సులేటు ఉన్నాయి. మీరు భారతీయులని వారికి నమ్మకం కుదిరితే ఇంటికి చేరడానికి అత్యవసర ధ్రువపత్రం ఇస్తారు. ఆ నమ్మకం కలిగించడానికి పెట్టె అడుగున దాచిన జిరాక్సు, రెండు ఫొటోలు, విశాఖలో ఇంటి దగ్గర ఫోను ఎత్తి బీరువా తాళం తీసి మిగతా కాగితాలు ఫొటో తీసి పంపగలిగిన మనిషి ఒకరు ఉండాలి. మా ఇంట్లో ఇప్పుడు ఆ పని మా బావగారిది.